చెరిపేసిన తిట్టు

సర్వర్లో ఫైళ్లు ఎవరు చెరిపేస్తున్నారో పట్టుకోవడానికి అందరి టైపింగ్‌నూ రికార్డు చేద్దామని పట్టుబట్టింది అడ్మినిస్ట్రేటరే. "ఒక్క మీట కూడా తప్పించుకోదు సార్" అని మేనేజరుకు ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. కోపమొస్తే కమాండు రాసేచోటే తిట్టు టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా చెరిపేసుకోవడం తనకు పదేళ్ల అలవాటన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

వారం తర్వాత మేనేజరు ఆ రికార్డు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"'ఈ దున్నపోతుకి సర్వరంటే ఏం తెలుసు' అని కొట్టి, అక్షరం అక్షరం చెరిపేశారు. చెరిపింది కూడా ఎక్కిందండోయ్! అదీ నేను మీతో మాట్లాడి ఫోన్ పెట్టేసిన మరునిమిషంలో. ఎవరండీ ఆ దున్నపోతు?"

అడ్మినిస్ట్రేటరుకు ఉద్యోగం కళ్లముందు గిర్రున తిరిగింది.

"నేనే సార్. ఈ రికార్డింగ్ పెట్టమన్నది నేనేగా!"

మేనేజరు నవ్వు ఆపుకుంటూ ఆ లైను పక్కన 'విచారణ పూర్తి' అని రాశాడు.