కుడికి లాగుతోంది

ఇది కూడా కుడికే లాగుతోంది, మొదటిది లాగింది, రెండోది లాగింది, మూడోదైనా బుద్ధిగా ఉంటుందేమో అనుకుంటే దీనికీ అదే రోగం, తయారుచేసేవాళ్ళకి సిగ్గూ శరం లేకుండా పోయాయి, డబ్బాలు మాత్రం నగల పెట్టెల్లా మెరుస్తాయి, లోపల సరుకు చూస్తే ఇదీ, అనుకుంటూ అతను వీడియోగేమ్ కంట్రోలర్‌ని గాజుబల్ల మీద పెట్టి బొటనవేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఎదురుగా తెర మీద ఎర్రకారు కుడిగోడకి ముక్కు ఆనించి ఇంకా పొగ కక్కుతూనే ఉంది, షాపావిడ కళ్ళజోడు మీదుగా చూసి ఏమైంది బాబూ అంటే లాగుతోందండీ అన్నాడు, ఎటు, కుడికి, మూడూనా, మూడూ, ఆవిడ నాలుగో డబ్బా టేపు గోరుతో తీరిగ్గా లేపడం మొదలుపెట్టింది, ఆ తీరిక చూస్తే ఒళ్ళు మండిపోతోంది, రేపు పొద్దున తొమ్మిదింటికి పోటీ మొదలు, ఆరేళ్ళ పాత కంట్రోలర్ నిన్న ప్రాక్టీసు మధ్యలో, బొటనవేలితో కారు తిప్పే స్టిక్కు విరిగి చేతిలోకి వచ్చేసింది, అదే ఉండుంటే ఈ తిప్పలే లేవు, కాస్త ఎడమకి జరిగే జబ్బు దానికి ఉండేది గానీ అదో లెక్కా, వంకర హ్యాండిలున్న సైకిలు తొక్కేవాడికి ఆ వంకర తెలుస్తుందా, గోడగడియారం నాలుగూ ఐదు, ఐదింటిదాకా మా గది తెరిచే ఉంటుందని పొద్దున ఆటగాళ్ళ సంఘం సెక్రటరీ అన్నమాట ఎందుకో చెవిలో మెదిలింది, తనకేం పని ఆ గదితో, చెప్పాల్సింది చెప్పేసి వచ్చాడు.

చెప్పాడు, పొద్దున విచారణలో మళ్ళీ అదే చెప్పాడు, ఎనిమిది నెలల కిందట ఏం రాసిచ్చాడో అదే, ఫైనల్లో మా బావమరిది ఇచ్చిన కంట్రోలర్ కుడికి లాగింది, అందుకే కారు గోడకి కొట్టుకుంది, అంతే, ఒక్క ముక్క ఎక్కువా లేదు తక్కువా లేదు, సెక్రటరీ రాసుకుంటూ ఇది ఆఖరి విచారణండీ, ఈయన మీద నిషేధం ఎత్తెయ్యాలా శాశ్వతం చెయ్యాలా అన్నది మీ మాట మీదే ఉంది, మార్చి రాయాలనిపిస్తే ఐదింటి లోపల రండి, ఆ తర్వాత సంతకాలైపోతాయి, ఇక జన్మలో తెరవం అన్నాడు, బల్లకి అటువైపు కూర్చున్నాడు పిట్ట, పెళ్ళాం తమ్ముడు, బక్కపలచగా ఉండి రోజంతా కిచకిచమంటాడని ఆటగాళ్ళందరూ పెట్టిన పేరు, ఇప్పుడు కిచకిచా లేదు పాడూ లేదు, నుదుటి మీద జుట్టు పల్చబడింది, అట్టపెట్టెలకి లేబుళ్ళు అంటించే గోడౌన్లో పన్నెండు గంటలు నిలబడుతున్నాడట, కంట్రోలర్లు విప్పి బాగుచేసే బల్ల మూతపడింది, కావాలని చెడ్డది ఇచ్చి మ్యాచ్ అమ్ముకున్నవాడి చేతికి తమ వస్తువు ఎవడిస్తాడు, వాడు అమ్ముకున్నాడని తను ఎప్పుడూ అనలేదు, ఆ మాట అన్నది జనం, తను అన్నది కుడికి లాగిందని మాత్రమే, అది నిజం కూడా, వేలికి తెలిసిన నిజం, మరి వాడు విచారణ సాగినంతసేపూ తన మొహం వంక చూడకుండా తన చేతివంకే ఎందుకు చూస్తూ కూర్చున్నట్టు, దొంగచూపు కాదు అది, బల్ల మీద తను పెట్టిన కుడిచేతిని వదిలేసి ఎడమచెయ్యి, అందులోనూ బొటనవేలు, దానివంకే, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు, అప్పుడే చికాకేసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగోది ఇదిగో బాబూ, రబ్బరు పట్టు, చెమటకి జారదు, స్టిక్కు ఎత్తు కూడా పెంచుకోవచ్చు అంటూ ఆవిడ వైరు తగిలించింది, బరువు బాగుంది, బటన్ నొక్కితే లోపల చిన్నగా టిక్కుమంటోంది, ఇలాంటి టిక్కు పిట్టకి ఇష్టం, బావా చెవి దగ్గర పెట్టుకుని నొక్కు, ఆరోగ్యం తెలిసిపోద్ది అనేవాడు, ఫైనల్ రోజు పొద్దున పాతదాని బ్రేకు బటన్ దిగబడిపోయి పైకి రానంటే వాడే పరుగెత్తుకొచ్చి తన సొంతది తెచ్చి చేతిలో పెట్టాడు, కడిగిన ముత్యంలా ఉంది బావా, కాకపోతే నీకు అలవాటు లేదు, వారం కిందటే మార్చుకోమంటే విన్నావా, ఓ గంటైనా తిప్పి చూడు అంటే నాకు నేర్పేటంత మొనగాడివయ్యావురా అన్నాడు తను, వాడు నవ్వేశాడు, బావ ఏమన్నా నవ్వేసేవాడే కదా, ఇద్దరిదీ ఒకే జట్టు, మొదటి ఐదు రౌండ్లు దాంతోనే వాడు తోలాడు, రెండు సెకన్ల ఆధిక్యం తెచ్చి చేతికిచ్చాడు, ఆ తర్వాత ఐదూ తనవి, మొదటినుంచీ కారు కుడికి పోతూనే ఉంది, లాక్కొస్తూనే ఉన్నాడు, ఆఖరి మలుపులో ఇక రాలేదు, గోడ, పొగ, హాలంతా ఓహ్ అని ఒకే ఒక్క గొంతు, పక్కనుంచి కార్లు ఒకటీ రెండూ మూడూ దాటిపోవడం, అప్పుడు ఆ కంట్రోలర్‌ని నేలకేసి కొట్టాడు, రెండు ముక్కలైంది, పరీక్ష చేద్దామన్నా మిగల్లేదు, ఆ చెత్త ఏరుతున్నవాడి మీద అందరి ముందూ అరిచాడు, ఏం వస్తువిచ్చావురా నాకు అని, వాడు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతూ తల ఎత్తాడు, నోరు తెరిచాడు, తెరిచి మూసేశాడు. మొదటి విచారణలో వాడు చెప్పింది ఒక్కటే మాట, కంట్రోలర్ నాదండీ, ఏం జరిగినా బాధ్యత నాదే, అంతే, దొరికిపోయినవాడు అంతకన్నా ఏం చెప్తాడు అన్నారు అందరూ, తనూ అనుకున్నాడు, ఆ రాత్రే వాడు పాతదాని బ్రేకు బటన్ బాగుచేసి అక్క చేత పంపించాడు, తను దాన్ని తీసుకున్నాడు, వాడుకున్నాడు, ఎనిమిది నెలలు, పంపినవాడికి బాగుందని ఒక్క కబురైనా పెట్టలేదు, సరే సరే, కారు బయల్దేరింది, మొదటి మలుపు, రెండో మలుపు, ఇదిగో మళ్ళీ, మళ్ళీ కుడికి, గోడ.

ఇదీ అంతేనండీ అన్నాడు, గొంతు తనకే కాస్త పెద్దగా వినిపించింది, ఆవిడ ఈసారి నవ్వింది, ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా బాబూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు వచ్చిన ప్రతివాడూ వస్తువునే తిడతాడు అంది, అందరికీ అనే మాటే అయ్యుంటుంది, రోజుకి నాలుగుసార్లు అనే మాట, తనకెందుకు చెంప మీద కొట్టినట్టు తగలాలి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను అలాంటివాణ్ణి కాదండీ, ఆరేళ్ళుగా పోటీల్లో ఉన్నా అని గబగబా అనేశాడు, ఆవిడ అదేం పట్టించుకోకుండా బల్లకింద మీటేదో నొక్కింది, తెర మీద రేసు పోయి తెల్లటి వలయం ఒకటి వచ్చింది, మధ్యలో పచ్చటి చుక్క, ఇది స్టిక్కు బాబూ, వేలు తియ్యి, తీశాడు, చుక్క వలయం నడిమధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది, ఇప్పుడు వేలు ఊరికే ఆనించు, నొక్కకు, ఆటలో తిన్నటి దారి వచ్చిందనుకో, ఎలా ఆనిస్తావో అలా, ఆనించాడు, చుక్క కుడికి జరిగింది. తీశాడు, మధ్యకి వచ్చింది, ఆనించాడు, కుడికి, మొదటి మూడూ మార్చి మార్చి తగిలించమన్నాడు, వేలు తీస్తే మధ్యలో, ఆనిస్తే కుడికి, మధ్యలో, కుడికి, మధ్యలో, కుడికి, నేను నొక్కట్లేదండీ అన్నాడు, తెలుసు బాబూ అందావిడ, ఇప్పుడు నవ్వట్లేదు, నీ పాతది ఎడమకి పోయేదా అని అడిగింది.

పోయేది, అవును పోయేది, ఆరేళ్ళు ఎడమకి పోయేది, ఆరేళ్ళు ఈ వేలు తనకి చెప్పకుండా దాన్ని కుడికి నెడుతూనే ఉంది, ఆవిడ లోపలికెళ్ళి వాపసు వచ్చిన సరుకు డబ్బాలోంచి గీతలు పడ్డ బూడిదరంగుది ఒకటి తెచ్చింది, ఇది ఎడమకి పోతుందని ఎవరో తిరగ్గొట్టారు, పట్టుకో అంది, పట్టుకున్నాడు, కారు బయల్దేరింది, మొదటి మలుపు, రెండో మలుపు, దారం పట్టి గీసినట్టు తిన్నగా, ఆఖరి మలుపు, గోడ పక్కనుంచి చెయ్యి చాపితే తగిలేటంత దూరంలో హాయిగా దాటిపోయింది, ఇంత బాగా ఈ మధ్య ఎప్పుడూ తోల్లేదు, చెడిపోయినదైతేనే నీ చేతికి సరిపోతుంది బాబూ, సగం ధరకిస్తా, తీసుకుపో, ఎవరికి తెలుస్తుంది అందావిడ, మంచిమాటగానే అంది, నిజమే ఎవరికి తెలుస్తుంది, రేపు గెలుస్తాడు, జట్టులో ఉంటాడు, నాలుగూ ఇరవై, ఐదింటికి సంతకాలవుతాయి, పిట్ట జన్మంతా లేబుళ్ళు అంటించుకుంటాడు, తను ఎడమకి పోయేవి వెతుక్కుంటూ బతికేస్తాడు, చెప్పేస్తే, చెప్పేస్తే తనని ఎవడు ఉంచుకుంటాడు, బాగున్న కంట్రోలర్ పట్టుకోవడం చేతకానివాడికి జట్టులో ఏం పని, ముప్ఫయ్యొక్కేళ్ళొచ్చాయి, ఇంకో విద్య రాదు.

ఫోన్ తీసి ఇంటికి చేశాడు, ఎందుకు చేశాడో తెలీదు, ఎనిమిది నెలలుగా అన్నం పెట్టాను, నీళ్ళు తోడాను, తాళాలు అక్కడున్నాయి తప్ప పెళ్ళాం మాట్లాడిందే లేదు, తమ్ముడి మీద మమకారం, ఎవరికైనా ఉంటుంది అని సర్దుకున్నాడు, ఏంటండీ అంది, ఆ రోజు కారు కుడికి పోయింది కదా అన్నాడు, కంట్రోలర్ కాదే అన్నాడు, వేలు, నా వేలు, అవతల కుళాయి ధార ఆగింది, ఆమె పిండి చేతులో తడి చేతులో తుడుచుకుంటున్న చప్పుడు, తర్వాత చాలా మెల్లిగా, ఇప్పటికి తెలిసిందా మీకు అంది, నీకు తెలుసా, తెలుసు, ఎప్పట్నుంచి, ఆ రాత్రి మీ పాతది బాగుచేసి ఇచ్చాడే, అప్పుడే చెప్పాడు, ఇది ఎడమకి పోతోందక్కా, బావ వేలు దీనికి అలవాటు పడిపోయింది, స్టిక్కు కూడా సరిచెయ్యగలను గానీ చేస్తే బావ ఇక తోల్లేడు, అందుకే ముట్టుకోలేదు, బావతో అనకు, ఇది బయటికొస్తే జట్టులోంచి తీసేస్తారు, ఆటలేకపోతే ఆయన బతకడు, నాదేముంది ఒంటిగాణ్ణి, ఏదో ఒకటి చేసుకుంటా అని నా చేత ఒట్టేయించుకున్నాడు, వాడు నోరు నొక్కుకుని, నేను నోరు నొక్కుకుని, మీ వేలుని కాపాడుకుంటూ వచ్చామండీ అంది, ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది, పొద్దున వెళ్ళేముందు కూడా అడుగుదామనుకున్నా, మీ అంతట మీకు తెలిస్తే బాగుండునని ఊరుకున్నా అంది, ఫోన్ పెట్టేసింది.

బటన్ ఒక్కటే బాగుచేసి స్టిక్కు జోలికి పోలేదు వాడు, చేత్తో ఆ వంకర తీసెయ్యగలిగినవాడు, తీసేసి రుజువు చేసుకోగలిగినవాడు, వాడి బతుకుని గోడకి కొట్టినవాడి కోసం ఆ వంకరని అలాగే ఉంచి పంపాడు, తను ఎనిమిది నెలలు దానిమీదే గెలిచాడు, ఏది కట్టమంటావు బాబూ అని షాపావిడ రెండోసారి అడిగింది, గాజుబల్ల మీద నాలుగు బాగున్నవి, ఒకటి చెడ్డది, ఏదీ వద్దండీ, ఆ వలయం బొమ్మ అచ్చేసి ఇవ్వగలరా, వేలు తీసినప్పటిదీ ఆనించినప్పటిదీ రెండూ అన్నాడు, ఆవిడ తేదీ, టైము పడేలా రెండు కాగితాలు తీసి ఇచ్చింది, నాలుగూ ముప్ఫయ్యైదు, సంఘం ఆఫీసు రెండు వీధుల అవతల, మెట్లు దిగి అటువైపు నడిచాడు, రోడ్డు మీద ఎండ ఇంకా తగ్గలేదు, చెప్తే వాడి బల్ల తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోనూ వచ్చు, పోయిన ఎనిమిది నెలలు మాత్రం రావు, తనకి ఆట ఉండదు, అదీ తెలుసు, జేబులో ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది, అయినా బొటనవేలు గుడ్డని కుడికి నెడుతూనే ఉంది, ఆ రోజు తన చేతికి అందిన వస్తువుల్లోనూ మనుషుల్లోనూ చెడిపోయింది ఏదీ లేదు, పట్టుకున్నవాడు తప్ప.