పచ్చ ప్యాకెట్టు కాపలా

మా లుకాంగ్‌లో ఏ వీధిలో రాయి విసిరినా కుళాయిల ఫ్యాక్టరీ మీదే పడుతుంది. మా లావుబాన్ చువాంగ్ ఫ్యాక్టరీలో ఆ కుళాయిలకు రేకు ఉంగరాలు కొడతాం. లావుబాన్ అంటే యజమాని. లావు ఆ మాటలోనే ఉంది, మనిషి ఉతికి పిండేసిన నూడుల్. బ్యాంకులో వేలున్నాయి గానీ చేతులకే వేళ్ళు తక్కువ. ఎడమచేతి వేళ్ళు రెండు కుర్రతనంలోనే ప్రెస్సుకి ఫలహారమయ్యాయి. ‘‘పది నిమిషాల్లో తినేసి రండి’’ అని రెండు చేతులూ చాపితే మేం ఎనిమిదికే అన్నం డబ్బాలు మూసేవాళ్ళం.

అయినా ఆయనకి ప్రెస్సు మీద కోపం లేదు. ఆ రోజు దాని నెత్తిన పచ్చ ప్యాకెట్టు లేదట, అదీ సంగతి. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న చిరుతిండి అది, దాని పేరుకి అర్థమే ‘బుద్ధిగా ఉండు’. కంప్యూటర్ దగ్గర్నుంచి లిఫ్టు దాకా, మిషను మొరాయించకుండా మేమంతా దీన్ని పెడతాం. పచ్చదే ఉండాలి, తేదీ దాటకూడదు, డ్యూటీలో ఉన్న ప్యాకెట్టుని ఎవరూ తినకూడదు. మా లావుబాన్ భక్తి ఇంకాస్త ముదిరింది. ప్యాకెట్టు పెట్టి, చెయ్యి అడ్డొస్తే ప్రెస్సుని ఆపేసే సెన్సర్ని పీకేశాడు. ‘‘ఊరికే ఆగి చస్తోంది, దండగమారిది’’ అని చీపుర్ల బీరువాలోకి విసిరేశాడు.

వేసవి సెలవులు రాగానే ప్యాకింగుకి బడిపిల్లలు దిగారు. ప్యాకింగు నా రాజ్యం. వాళ్ళలో పదహారేళ్ళ పెయ్-షాన్ జుట్టు కత్తిరించే చదువు చదువుతోంది. సెప్టెంబరులో పోటీ ఉందని, మధ్యాహ్నం మేం కునుకు తీస్తుంటే గాలిలో కత్తెరాడించేది.

‘‘పిన్నీ, నాకున్న ఆస్తి ఈ పది వేళ్ళే’’ అనేది.

‘‘మా ఓనరు ఆస్తి కంటే రెండెక్కువ, జాగ్రత్త’’ అనేదాన్ని.

ఇంతలో ప్రెస్సు మీద కూర్చునే ఖో తాతకి మొలల ఆపరేషనొచ్చింది. కూర్చునే ఉద్యోగం, కూర్చోలేని రోగం. మర్నాడు కంటైనరు వెళ్ళాలి. లావుబాన్ సరాసరి నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

‘‘ఏయ్ పిల్లా, నువ్వు రా. ప్రెస్సు మీద కూర్చో.’’

‘‘చిన్నపిల్ల బాస్, చట్టం ఒప్పుకోదు’’ అన్నాను.

‘‘చట్టం వచ్చి ఉంగరాలు కొడుతుందా? నువ్వు నోరు నొక్కుకో, అది మీట నొక్కుతుంది.’’

పెయ్-షాన్ ప్రెస్సు చుట్టూ తిరిగి చూసింది. ‘‘మా బళ్ళో వీడియో చూపించారు లావుబాన్. చెయ్యి పెడితే ఆపే సెన్సర్ ఉండాలి. ఏదీ?’’

ఆయన దర్జాగా ప్యాకెట్టు చూపించాడు. ‘‘అదిగో. ఇన్నేళ్ళలో ఒక్క గోరు కూడా పోలేదు.’’

‘‘అయితే ముందు మీరు చేసి చూపించండి.’’

ఆయన కూర్చుని టకటకా నాలుగు ఉంగరాలు కొట్టి, గర్వంగా లేచాడు. ‘‘చూశావా?’’

‘‘చూశాను’’ అంటూ పిల్ల చెయ్యి చాచి ప్యాకెట్టు అందుకుంది. పర్రున చింపింది. గుప్పెడు నోట్లో పోసుకుంది. పక్క మిషన్ల వాళ్ళు గబగబా రెండడుగులు వెనక్కి వేశారు.

‘‘ఇప్పుడు చూపించండి లావుబాన్.’’

ఆయన మొహం తెల్లబోయింది. కూర్చోబోయి లేచాడు, లేచి మళ్ళీ కూర్చోబోయాడు. ఉన్న వేళ్ళన్నీ చంకల్లో దాచుకున్నాడు. ‘‘తినేసిందిరా! దేవుడా, డ్యూటీలో ఉన్నదాన్ని తినేసింది! ఒరేయ్, ఎవడైనా వచ్చి కూర్చోండి!’’

ఎవరొస్తారు? ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి పెళ్ళాం ఫోను. లావుబాన్ స్కూటరెక్కి ఊరంతా తిరిగొచ్చాడు. అది దయ్యాల నెల. చచ్చినవాళ్ళకి పెట్టే నైవేద్యాలకని జనం పచ్చవన్నీ ఊడ్చుకుపోయారు, పసుపువే మిగిలాయి. పసుపుది పెడితే మిషనుకి ఆగమనే పసుపు దీపం వెలుగుతుంది, ఇక ఆ పూట పని గోవిందా.

నేను చీపుర్ల బీరువా తెరిచి, సెన్సర్ బూజు దులిపి తెచ్చాను. ‘‘బాస్, పచ్చది దొరికేదాకా దీన్ని పెట్టుకుందాం. ఇదీ వేసవి ఉద్యోగే అనుకోండి.’’

గొణుక్కుంటూనే బిగించాడు. అప్పుడు గానీ ధైర్యం రాలేదు, పొద్దుగూకేదాకా తనే కూర్చుని కొట్టాడు. పెయ్-షాన్ నా పక్కకొచ్చి అట్టపెట్టెలు మడిచింది, మూతి మీద ఇంకా పొడి.

‘‘రుచెలా ఉందే?’’

‘‘మెత్తబడిపోయింది పిన్నీ. తేదీ ఎప్పుడో దాటిపోయినట్టుంది.’’

ఆ మాట లావుబాన్ చెవిన పడకుండా నేనే గట్టిగా దగ్గాను.

కొత్త పచ్చ ప్యాకెట్టు మర్నాడు తైచుంగ్ పట్నం నుంచి వచ్చింది. ప్రెస్సు ఆడుతుండగానే లావుబాన్ భక్తిగా చెయ్యి చాచాడు. ప్యాకెట్టు జారింది. పట్టుకోబోయిన చెయ్యి అచ్చు కిందికి పోయింది. టక్. ప్రెస్సు ఆయన బొటనవేలి మీద బెత్తెడు ఎత్తున ఆగిపోయింది. సెన్సర్ ఎర్రదీపం వెలిగింది.

ఆయన మెల్లగా చెయ్యి లాక్కుని, అన్ని వేళ్ళూ తడుముకుని, ప్యాకెట్టుని కళ్ళకద్దుకున్నాడు.

‘‘చూశారా! రాగానే ఎలా కాపాడిందో!’’

అన్నాడు గానీ, సెన్సర్ జోలికి మాత్రం మళ్ళీ పోలేదు. సెప్టెంబరులో పెయ్-షాన్ పది వేళ్ళూ పట్టుకుని బడికి వెళ్ళిపోయింది. ఆ వేసవి ఉద్యోగి మాత్రం మా దగ్గర పర్మనెంటయింది.