గెర్బెన్ మరిచిపోయిన నీళ్లు

మా ద్వీపంలో సెలూన్ ఒక్కటే. అది గెర్బెన్‌ది. అతనికి కత్తెర పట్టడం రాదు, పెత్తనం మాత్రం బాగా వచ్చు. ఇన్నేళ్లూ ఊరందరి తలలూ చూసింది అఫ్కె. పోయిన శీతాకాలం బేరాలు తగ్గాయంటూ ఆమెను పనిలోంచి తీసేసి, తక్కువ జీతానికి ఒక కొత్త పిల్లను పెట్టుకున్నాడు. తీసేస్తూ, చేరిన రోజున సంతకం పెట్టించుకున్న షరతు గుర్తుచేశాడు. ఏడాదిపాటు ఈ ద్వీపం మీదగానీ, అవతలి ఒడ్డునగానీ ఆమె ఎవరి జుట్టూ కత్తిరించకూడదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

నాకు ఒళ్లు మండింది. పని లేకపోతే అఫ్కెకు ఇల్లు నిలవదు. ఇక్కడ ఒకసారి ఇల్లు వదిలితే అది వేసవి షికారు జనం పాలవుతుంది. పుట్టిన చోటికి ఇక చుట్టపుచూపుగా రావాల్సిందే. అఫ్కె అప్పటికే సామాను సర్దడం మొదలుపెట్టింది.

ఇంతలో గెర్బెన్ తల్లి హిల్త్యె పుట్టినరోజు వచ్చింది. అందరం వెళ్లి గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్నాం. ఆవిడ పుట్టినందుకు ఆనవాయితీ ప్రకారం గెర్బెన్‌కి కూడా శుభాకాంక్షలు చెప్పాం, ఆవిణ్ణి అతనే కన్నట్టు. కాఫీతో తలా ఒక బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేశారు. కొత్త పిల్ల చేతిలో పడ్డ హిల్త్యె తల కాకిగూడులా ఉంది. అఫ్కె చేత చేయించుకుంటే తప్పేమిటని ఆవిడ కొడుకుని అడిగింది.

వకీలుకి ఫీజు దండగని ఆ షరతు తనే రాశానని గెర్బెన్ గొప్పగా చెప్పుకున్నాడు. "ద్వీపం రాశాను, ఒడ్డు రాశాను. ఇక లోకంలో మిగిలిందేముందమ్మా?"

నిజమే కదా అని అందరం తలలూపాం. మా ద్వీపం వాళ్లకి లోకమంటే ఆ రెండే. ఆ రెంటి మధ్యా తిరిగే ఓడలో ఏళ్ల తరబడి కాఫీ అమ్ముతున్న నేను కూడా ఊపాను, సిగ్గులేకుండా. హిల్త్యె మాత్రం నావైపు తిరిగి, మీ ఓడ అవతలికి చేరడానికి రెండు గంటలు పడుతుంది కదూ అని అడిగింది.

మర్నాడే ఓడలో నా కాఫీ బల్ల పక్కన ఒక కుర్చీ వెలిసింది. దాని వెనక కత్తెరతో అఫ్కె. కెప్టెన్ కాదనలేదు, వరసలో రెండో మనిషి ఆయన భార్యే. ఆడవాళ్లు ఓడెక్కి, ఒడ్డున దిగకుండానే అందమైన తలలతో తిరిగొచ్చేవారు. అఫ్కె సర్దిన పెట్టెలు విప్పేసింది. సెలూన్‌లో కొత్త పిల్ల ఈగలు తోలుకుంది.

చివరికి ఒకరోజు గెర్బెన్ ఓడెక్కాడు. చెవులదాకా లాగిన టోపీతో వచ్చి చూస్తే, కుర్చీలో వాళ్లమ్మే ఉంది. గొంతు తగ్గించి, సోమవారం నుంచి సెలూన్‌కి వచ్చెయ్యమని అఫ్కెను అడిగాడు.

అఫ్కె దువ్వెన ఆపలేదు. "ద్వీపం మీదా? అమ్మో, సంతకం పెట్టాను కదా గెర్బెన్. ఏడాది ఇంకా కాలేదు."

"ఆ కాగితం చింపేస్తాలే."

"చింపకురా," అంది హిల్త్యె. "పాపం, వకీలు కూడా లేకుండా రాసుకున్నావు. టోపీ తీసి వరసలో కూర్చో."

తీశాడు. కొత్త పిల్ల యజమాని తలనీ వదల్లేదు. వరస చివర కూర్చున్న అతనికి నేనే కాఫీ తీసుకెళ్లి, ఒక బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేశాను.