వలయంలో ఆరో మనిషి

ముగ్గురు మగపిల్లల తర్వాత పుట్టింది మా యదనా. ఇక బొమ్మలు దానికెలా రుచిస్తాయి? నేను కొనిచ్చిన గవ్వలు మూలన పడి ఉన్నాయి. అన్నలు మఠం ఆవరణలో వలయంగా నిలబడి పేము బెత్తంతో అల్లిన బంతిని నేల తాకకుండా తన్నుతుంటే, దూరం పోయిన బంతిని తెచ్చివ్వడం దీని పని. తెస్తూ తెస్తూ నాలుగు తన్నులు తనే తన్నుకునేది. పన్నెండేళ్ళొచ్చినా కుదురు లేదు. బియ్యం ఏరమంటే మోకాలు ఊపుతూ ఏరుతుంది. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నిన్న పగోడా తిరనాళ్ళలో ఆడాల్సిన ఆరుగురిలో ఒకడికి మడమ బెణికింది.

"నేనొస్తా అన్నయ్యా" అంది యదనా.

"ఆడవాళ్ళ లుంగీ ఎగ్గట్టి తంతావా? నవ్వుతారే" అన్నాడు పెద్దవాడు తెట్ నైంగ్.

అది చిన్నన్న మిన్ థు లుంగీ లాక్కుని, గోచీ బిగించి, బరిలో నిలబడింది. నేను జనంలో కూర్చోలేను, నిలబడలేను. అది మోకాలితో లేపిన బంతి మడమ మీదికి దిగి మళ్ళీ లేచింది. డప్పులవాళ్ళు జోరు పెంచారు. నా కడుపు నిండిపోయింది.

ఇవాళ ఆ లుంగీ ఉతికాను. మా ఇళ్ళలో మగవాళ్ళ బట్టలు పై తాడుకు, ఆడవాళ్ళవి కింది తాడుకు ఆరేస్తాం. ఆడదాని కట్టుగుడ్డ కింద నడిస్తే మగవాడి తేజస్సు పోతుందంటారు. మరి దీన్నెక్కడ వెయ్యను? తడిగుడ్డతో పెరడంతా తిరిగాను.

"కిందే వెయ్యమ్మా, నేనిక కట్టను" అన్నాడు మిన్ థు.

"నిన్న దాని కాలు తాకిన బంతిని నెత్తితో అందుకున్నావుగా. అప్పుడు పోలేదా నీ తేజస్సు?"



"ఇవాళ పక్కింటి హ్లా తున్ ఆడతాడు. నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు పెద్దవాడు చెల్లెలితో.

యదనా ముఖం పాలిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. గుమ్మానికి ఎదురుగా, పై తాడు మీదే ఆరేశాను లుంగీ.

"వెళ్ళేవాళ్ళు దీని కిందుగానే వెళ్ళండి" అన్నాను.

ముగ్గురు మొనగాళ్ళూ వెనక కంచె దూకారు. ఆ తొందరలో బంతి మర్చిపోయారు.

"బంతి విసరవే" అని అరిచాడు పెద్దవాడు.

"నన్ను ఆడనిస్తేనే" అంది యదనా, బంతిని గుండెకు హత్తుకుని.

కంచె అవతల గుసగుసలు. కాసేపటికి మిన్ థు ముందువైపు నుంచి వచ్చాడు. తడి లుంగీ అంచు నెత్తిని రాసుకుంటుంటే తల వంచకుండా దాని కింద నడిచొచ్చి, "పదవే, ఆట మొదలవుతుంది" అన్నాడు.