ఒక్క దుబ్బు

తడి మట్టిలోంచి లాగిన వేరు వాసన...

ఆ వాసనలోనే ఆమె పుట్టింది. ఆ వాసనలోనే పెరిగింది. ఇప్పుడు, ఈ మధ్యాహ్నం వేళ, ముంగిట్లో నిలబడ్డ మనిషి చొక్కాకి ఆ వాసన లేదు. ఎప్పుడూ ఉండేది.

తమ్ముడు. పద్నాలుగేళ్ళ తరవాత.

దీవికి ఆ కొసన పుట్టిల్లు, ఈ కొసన అత్తిల్లు. మధ్యలో సగం రోజు బస్సు ప్రయాణం. దానికి మించి, ఒక మాట.

"దొంగ."

వాడన్న మాటే. అబద్ధమూ కాదు. నాన్న పోయి చేను వాడి చేతికొచ్చిన ఏడాది, ఆమె వట్టివేళ్ళ గడ్డి దుబ్బొకటి తవ్వి, గోనెసంచిలో చుట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. అడిగితే ఇచ్చేవాడే. నాన్న నాటినదాన్ని తమ్ముణ్ణి అడుక్కోవడమేమిటని రోషం. మర్నాడు ఖాళీ గుంట చూసి, వాడు నలుగురిలో అన్నాడా మాట.

ఈ గడ్డికి విత్తనం పట్టదు. పూస్తుంది, అంతే. పిలక చీల్చి నాటితేనే ఇంకో దుబ్బు. ఆమె చేనిదీ, వాడి చేనిదీ, నాన్న చేతిదీ — అంతా ఒకటే గడ్డి.

వేళ్ళు తవ్వే రోజులు ఎంత బాగుండేవి!

నాన్న దుబ్బు పెకలించేవాడు. పిల్లలిద్దరూ చెరోవైపు పట్టుకుని మట్టి దులిపేవారు. తెగకుండా ఎవరి వేరు పొడుగ్గా వస్తే వాళ్ళు గెలిచినట్టు. వాడు ఓడినప్పుడల్లా ముక్కు చీదేవాడు... ఆమె తన వేరు వాడి చేతిలో పెట్టేసేది. వాడు దాన్ని మెడలో వేసుకుని చేనంతా ఊరేగేవాడు. నాన్న వేళ్ళూ ఆకూ కోసేసి, జానెడు పిలకల్ని మళ్ళీ అదే నేలలో గుచ్చుతూ నవ్వేవాడు.



"మంచినీళ్ళు తాగుతావా?"

తాగాడు. గ్లాసు వంకే చూస్తూ అన్నాడు — "సముద్రం కట్ట తెంచుకుని వచ్చింది. నెల్లాళ్ళు ఉప్పునీళ్ళు కదల్లేదు. అంతా కుళ్ళిపోయింది. ఒక్క దుబ్బూ మిగల్లేదు."

అంటే నాన్న గడ్డి ఇక ఇంటి పక్కనున్న ఆమె చేలోనే ఉంది.

వాడి చంకలో మడిచిన గోనెసంచి. అడగడానికే వచ్చాడు. అడగలేకపోతున్నాడు. రోషంలో ఇద్దరూ ఒకే దుబ్బు పిలకలు.

వాడి నోట "ఇవ్వు" అనిపించుకోవాలని ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చుంది ఆమె! ఇప్పుడు ఆ చిక్కిపోయిన మెడ చూస్తుంటే ఆ ముచ్చట కాస్తా చచ్చిపోయింది. కానీ, తీసుకెళ్ళమంటే తీసుకోడు. వాడి సంగతి ఆమెకు తెలియదా! ఉత్త చేతులతో వెళ్ళాడంటే, మళ్ళీ ఈ గడప తొక్కడు.

"నాకు లోపల పనుంది," అంది. "పార గోడకి ఆనించి ఉంది. బయట ఎవరేం చేసినా నాకు తెలీదు. దొంగసొత్తే కదా, పోతే పోనీ."

తలుపు వేసింది. కిటికీ కూడా మూసింది.

చాలాసేపు కిటికీ రెక్కకి చెవి ఆనించి నిలబడింది.

అప్పుడు — పార దిగిన చప్పుడు. ఒకటి. రెండు. మూడు. వేళ్ళు పటపటా తెగిన చప్పుడు, ఒక్కసారే. సంచి దులిపిన చప్పుడు. ఆ తరవాత అడుగులు.

ఒక్కటే తీశాడు! ఆమె తీసుకెళ్ళినంతే. చెల్లుకు చెల్లు అనుకుని వెళ్ళిపోతున్నాడు, మొండిఘటం.

ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఒక్క దుబ్బుతో చేను నిండుతుందట్రా? ఇంకో పది తియ్యి!" మూసిన కిటికీ వెనకనుంచే అరిచింది.

అడుగులు ఆగాయి.

"మెల్లిగా అక్కా..." బయటనుంచి వాడి గొంతు. "దొంగతనం చేస్తుంటే అలా అరుస్తారా ఎవరైనా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వెంటే ఏడుపు. కిటికీ గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. తీస్తే వాడు దొరికిపోతాడు. తియ్యకపోతే వాడి ముఖం కనబడదు...

బయట పార మళ్ళీ దిగింది.