పిట్టగూడు వారి జానెడు పీట

నేనొక పీటను. అలా మూతి విరవకండి. ఇప్పుడంటే నా మీద కూర్చుని కూరలు తరుగుతున్నారు గానీ, ఒకప్పుడు నేను రాజసభలో పీటను. రెండు చందమామలు పొడిచే దుందుభి రాజ్యంలో, మాటలొచ్చిన మద్దిచెట్టులోంచి నన్ను చెక్కారు. కోసేస్తే అక్కడి చెట్లకి నోరు పడిపోతుంది. నా నోరు మాత్రం రంపానికి దొరకలేదు, అది మీ ఖర్మ.

ఇప్పటి రాణిగారి ముత్తాత రాజుగారు నన్ను పిట్టగూడు సంస్థానానికి బహూకరించారు. సంస్థానమంటే ఏమనుకుంటున్నారో! మూడు గుట్టలు, ఒక ఏరు, రెండు రెక్కల గాడిదలు, మిగతాదంతా డాబే. ఆ డాబుకి ఇప్పటి హక్కుదారు ఇందుముఖి దొరసాని.

ఆ రాజ్యంలో ఏడాదికోసారి సభ. ఎవరి పీట ఎత్తైతే వాళ్ల మాట ముందు. భోజనాల గంట కొట్టారా, ఎవరి మాట ఎక్కడున్నా సభ సరి. నేనేమో జానెడు పీటను. మా దొరసాని వంతు వచ్చేలోగా వంటింట్లోంచి నేతి వాసన వచ్చేది, వెనకే గంట మోగేది. పాపం, ఆవిడ చెప్పుకోవలసింది ఒక్కటే. ఎగువనున్న వీరభల్లుడు దొర నల్లేటికి అడ్డంగా గట్టు కట్టి, నీళ్లన్నీ తన తామరకొలనులోకి మళ్లించుకున్నాడు. దిగువన మా పొలాలు బీటలు వారాయి, జనం మూటాముల్లె సర్దుకుంటున్నారు.

"రాజుగారిచ్చిన పీట మార్చకూడదు, నిజమే. కాళ్లు అతికించకూడదని ఎక్కడుందోయ్?" అన్నాడు ఆమె మొగుడు గజపాల దొర. ఆయన పుట్టి బుద్ధెరిగాక చేసిన ఆలోచన అదొక్కటే, అదే కొంప ముంచింది. ముందు ఆయన మంచంకోళ్లు నా కాళ్లకొచ్చాయి. ఆయన చాపమీదకొచ్చాడు. తీరా సభకు వెళ్తే ఏముంది, దొరలందరికీ అదే బుద్ధి పుట్టింది! అందరి పీటలూ పెరిగాయి, మళ్లీ మేమే అడుగున. మరుసటేడు అత్తగారు కనకవ్వ రోకలి ముక్కలైంది. ఆ పైఏడు నాగలి కూడా పోయింది.

"రేపు నీళ్లొస్తే దేంతో దున్నుతావే అమ్మాయ్?" అంది కనకవ్వ.

"ముందు నన్ను నోరు విప్పనివ్వండి అత్తయ్యా. దున్నడం సంగతి తర్వాత," అంది దొరసాని. అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మీద నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఆ ఏడు నిచ్చెన వేసుకుని నా మీదకెక్కింది. ఎన్నాళ్లకెన్నాళ్లకు, సభలో మేమే ఎత్తు! సింహాసనం మీద కొత్త రాణి, పాలపళ్లు ఊడుతున్న పసిపిల్ల, మెడ నిక్కించి గుడ్లప్పగించి చూస్తోంది. మా దొరసాని గొంతు సవరించుకుని, "సూర్యచంద్రచంద్ర వంశ దీపికా, ముక్కోటి దుందుభుల ముద్దుబిడ్డా..." అని అందుకుంది. బిరుదులు సగమైనా కాకుండానే నేతి వాసన రానే వచ్చింది. కంగారుగా ముందుకు వంగింది. రోకలి ముక్కకీ నాగలి ముక్కకీ మధ్య మేకు ఊడింది. ఇద్దరం దబ్బున కిందపడ్డాం.

సభంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. దొరసాని మాత్రం లేవలేదు, చెదిరిన జుట్టూ సర్దుకోలేదు. నేలమీదే కూర్చుని, "తల్లీ, నల్లేటి గట్టు తీయించమ్మా. మా ఊరు ఎండిపోతోంది," అంది. ఇన్నేళ్ల గోడూ అంతే, రెండు ముక్కలు.

రాణి సింహాసనం దిగివచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "నీ మొహమొక్కటే కనిపిస్తోంది నాకు. మిగతావాళ్లవన్నీ అరికాళ్లే," అంది. గట్టు తీసెయ్యమంది. వీరభల్లుడు నోరు తెరిచేలోగా గంట మోగింది.

అంతటితో ఆగితే వాళ్లు మనుషులెందుకవుతారు? రాణిగారు నేలమీద కూర్చున్నారు కనుక, ఇకమీదట ఎవరూ అంతకంటే ఎత్తులో కూర్చోరాదని మంత్రిగారు చాటింపు వేయించారు. ఎంత లోతున కూర్చుంటే అంత భక్తి! సభలో ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకోవడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చాక కనకవ్వ నా అతుకులన్నీ పీకేసి, నన్ను వంటింటి గుమ్మం దగ్గర వేసుకుంది. పెరట్లో మొగుడూ పెళ్లాలు గోతిలో కూర్చోవడం అలవాటు చేసుకోవడానికి పలుగూ పారా పట్టారు. "వీరభల్లుడిది నడుం లోతటండీ, మనది మోకాలి లోతే!" అని దొరసాని ఒకటే గుంజాటన.

అప్పుడొచ్చింది నల్లేరు. పొలాలు తడిపి, కాలువలు నింపి, పెరట్లోకి పొంగి వచ్చి గొయ్యి నిండా నిండింది.

"అయ్యయ్యో, మన గొయ్యి!" అని ఇద్దరూ బిందెలతో నీళ్లు తోడి గోడవతల పారబోస్తున్నారు. ఏ నీళ్లకోసం మంచం, రోకలి, నాగలి నరుక్కున్నారో ఆ నీళ్లనే!

"ఓసి పిచ్చిదానా, నీళ్లొచ్చాయే! రా, విత్తనాలు నానేద్దాం," అని కనకవ్వ కేకేసింది.

"ఉండండత్తయ్యా, ముందీ పని కానివ్వండి," అంది దొరసాని, తలెత్తకుండానే.

గుమ్మం దాకా వచ్చిన నీళ్లలో నేను తేలిపోతున్నాను. కనకవ్వ ఒక్క చేత్తో నన్ను ఆపి, అరుగుమీద వేసుకుని కూర్చుని, విత్తనాల చేట ముందుకు లాక్కుంది. ఇప్పుడు నా ఎత్తు మళ్లీ జానెడే. ఆవిడకి సరిగ్గా సరిపోయింది.