రెండో అంతస్తు నీళ్ళు

పొద్దున్న తొమ్మిదిన్నరకే కుట్టు ఫ్యాక్టరీలో నర్సమ్మ గది ముందు పదకొండు మంది పొట్టలు పట్టుకుని కూలబడ్డారు. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. సూపర్‌వైజరు ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఇంకేముంది, క్యాంటీన్ కూరే! అంతా మీ పిన్ని చేతి చలవ."

క్యాంటీన్‌లో వండేది నర్సమ్మ సొంత పిన్నే. మాట నర్సమ్మకు చురుక్కుమంది. అయినా ముందు మనుషుల్ని చూడాలి. ఒక్కొక్కరి నాలుక చూసింది, చర్మం గిల్లి వదిలింది, జ్వరముందా, రక్తం పడుతోందా అని అడిగింది. బట్ట కత్తిరించే పెద్దాయన కళ్ళు లోతుకు పోయాయి. గిల్లిన చర్మం మడత పడినట్టే ఉండిపోయింది. తెల్లారినప్పటి నుంచి ఒంటేలుకే పోలేదట. సెలైన్ ఎక్కించాలని ఆయన్ని వెంటనే కంపెనీ వ్యానులో ఆసుపత్రికి పంపింది.

మిగతావాళ్ళకు కాచి చల్లార్చిన నీళ్ళలో ఓఆర్ఎస్ పొట్లాలు కలిపి ఇచ్చింది.

"ఒక ఇంజక్షన్ పొడిచెయ్యక ఈ ఉప్పునీళ్ళేంటి నర్సమ్మా?" అంది గుండీలు కుట్టే అక్క.

"ఒంట్లోంచి పోయింది నీళ్ళూ ఉప్పే కదక్కా, అవే తిరిగి పోస్తున్నా. గటగటా తాగితే కక్కేస్తావ్. చెంచా చెంచా చప్పరించు."

వాళ్ళు చప్పరిస్తుండగా, నిన్న ఎవరేం తిన్నారో అడిగి రాసుకుంది. ఐదుగురు ఇంటి క్యారేజీలే తిన్నారు. కింది అంతస్తువాళ్ళు క్యాంటీన్ కూర లొట్టలేసుకుని తిని, మిషన్ల ముందు నిక్షేపంలా ఉన్నారు. పడిపోయినవాళ్ళందరిదీ రెండో అంతస్తే. తాగింది ఒకే కుళాయి నీళ్ళు.

"పిన్నిని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"తప్పు పిన్నిదైతే వంటగదికి నేనే తాళం వేస్తా. పైకి రండి, చూద్దాం."

పిలిపించిన ప్లంబరు కుళాయి వెనక గొట్టాల అర తలుపు తీయగానే కంపు గుప్పుమంది. తాగునీటి గొట్టం అతుకు వదులైంది. దాని మీదే మరుగుదొడ్డి గొట్టం కారుతోంది. నర్సమ్మ అక్కడికక్కడే ఆ కుళాయి మూయించి, నీళ్ళూ రోగుల మలమూ పరీక్షకు పంపించింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది: రెండింట్లోనూ ఒకటే బ్యాక్టీరియా. డాక్టరు యాంటీబయాటిక్ రాసింది పెద్దాయన ఒక్కడికే. తక్కినవాళ్ళు ఉప్పునీళ్ళతోనే లేచి కూర్చున్నారు.

సూపర్‌వైజరు క్యాంటీన్‌కెళ్ళి, "పొరపాటైంది పిన్నిగారూ," అని నసిగాడు.

"సరేలే బాబూ. ముందు బాత్రూముల్లో సబ్బులు పెట్టించు," అంది పిన్ని, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండానే.

మధ్యాహ్నానికల్లా సబ్బులు వచ్చాయి.